డబ్బాలొస్తే డిలీట్ చేయకండి!

తాతగారి జ్ఞాపకాలు ఓపిగ్గా తెలుగులో టైపు చేసి అమెరికాలో ఉన్న అన్నయ్యకు మెయిల్ చేస్తుంది చెల్లెలు. అక్కడ ఆయన ఎడిటర్‌లో తెరిచి చూస్తే అన్నీ డబ్బాలే! ఫైలు పాడైందనుకుని చాలామంది డిలీట్ చేసేది ఇక్కడే. నిజానికి తాతగారి మాటలు భద్రంగానే ఉంటాయి. యూనికోడ్ ఫైలులో ఉండేది అక్షరం బొమ్మ కాదు, దాని నంబరు. 'అ' అంటే 0సి05. బొమ్మ గీసే పని ఫాంటుది. కన్సోలాస్ వంటి ఫాంట్లలో తెలుగు లేదు కాబట్టి, కంప్యూటర్‌లోని మరో ఫాంటు నుంచి అరువు తేవాలి. విండోస్ ఎక్స్‌పీలో ఆ పని గౌతమిది, విండోస్ 8 నుంచి నిర్మలా యూఐది. అరువిచ్చేవాళ్లు లేకపోతేనే డబ్బాలు. పోతన2000 గానీ, నోటో తెలుగు గానీ వేసుకుంటే సరి. ఈమ్యాక్స్‌లోనైతే ఏ లిపికి ఏ ఫాంటో విడివిడిగా చెప్పుకోవచ్చు. ఇంగ్లిషు పక్కన తెలుగు మరీ చిన్నగా కనిపిస్తే సైజూ పెంచుకోవచ్చు.

అసలు భయపడాల్సింది డబ్బాలకు కాదు, ప్రశ్నార్థకాలకు! తెలుగు ఫైలును 'ఆన్సీ'గా సేవ్ చేస్తే ప్రతి అక్షరం చోటా ప్రశ్నార్థకమే మిగులుతుంది. నంబరే పోయాక ఏ ఫాంటూ ఏమీ చేయలేదు. నోట్‌ప్యాడ్ ముందుగా హెచ్చరిస్తుంది, చదవకుండా ఓకే కొట్టేది మనమే. 2019లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి నోట్‌ప్యాడ్ కొత్త ఫైళ్లను యూటీఎఫ్-8లోనే దాస్తోంది. అంతకన్నా పాత కంప్యూటర్ వాడుతుంటే, సేవ్ యాజ్ పెట్టెలో కింద ఉండే 'ఎన్‌కోడింగ్' దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకున్నాకే సేవ్ నొక్కాలి.