తొట్టి ఖాళీ చేయొద్దు, పావు వంతు మార్చితే చాలు

ఇంట్లో చేపల తొట్టి కాస్త మసకబారగానే చేపల్ని బకెట్లోకి వంపి, నీళ్లన్నీ పారబోసి, అడుగు గులకరాళ్లనూ ఫిల్టరు స్పాంజినీ కుళాయి కింద రుద్ది కడిగి, మళ్లీ నిండా పట్టడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటు. అద్దం తళతళలాడుతుంది కానీ, రెండు మూడు రోజులకే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఈ అలవాటు మానుకోవాలి. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చితే చాలు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల లాంటి ఊళ్లలో ఈ జాగ్రత్త మరీ అవసరం.

చేపల విసర్జన, తినగా మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా పుడుతుంది. స్పాంజినీ రాళ్లనూ అంటిపెట్టుకుని బతికే బాక్టీరియా దాన్ని నైట్రైటుగా, ఆపైన అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తుంది. క్లోరిన్ నీళ్లతో రుద్ది కడిగితే ఆ బాక్టీరియా చాలావరకు పోతుంది, తిరిగి కుదురుకోవడానికి వారాలు పడుతుంది. ఈలోగా పేరుకునే అమ్మోనియాలో విషం పాలు ఎంతన్నది పీహెచ్ నిర్ణయిస్తుంది. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే నూటికి ఒక పాలు కూడా ఉండదు, 8 ఉంటే ఐదు పాళ్లు దాటుతుంది, నీళ్లు వేడెక్కితే ఇంకా పెరుగుతుంది. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నేల కింద సున్నపురాయి, నాపరాయి పొరలున్నాయి. వాటిలోంచి వచ్చే బోరు నీళ్లు బిందెకు తెల్లగా పొర కట్టే రకం, పీహెచ్ సాధారణంగా 7కు పైనే ఉంటుంది. దీనికి 40 డిగ్రీలు దాటే వేసవి తోడైతే, మరోచోట చేప తట్టుకునే పొరపాటు ఇక్కడ ప్రాణం తీస్తుంది.

నీళ్లకు కటకటలాడే సీమలో వారం వారం మార్పేమిటని అడగొచ్చు. అరవై లీటర్ల తొట్టిలో పావు వంతంటే పదిహేను లీటర్లు. నైట్రేటు ఉన్న ఆ నీళ్లు పూలకుండీలకు ఎరువే, కాబట్టి వృథా లేదు. తగ్గినంత పోస్తే చాలదా అంటే, చాలదు. ఎండకు ఆవిరయ్యేది నీరే, ఉప్పులు తొట్టిలోనే మిగులుతాయి. పైపైన బోరు నీళ్లు పోసేకొద్దీ అవి చిక్కబడతాయి. క్యాన్ నీళ్లు శుద్ధమైనవి కదా అంటే, ఆర్వో యంత్రం పీహెచ్‌ను నిలకడగా ఉంచే ఖనిజాలనూ తీసేస్తుంది. అచ్చంగా వాటితోనే నింపితే చేప తట్టుకోలేదు.

పద్ధతి కష్టమైనదేమీ కాదు. ముందు కరెంటు ప్లగ్గులు తీయాలి. చేతికి గాయముంటే నీళ్లలో పెట్టకూడదు. పైపుతో రాళ్ల మధ్య మడ్డి లాగాలి, నోటితో మాత్రం పీల్చకూడదు. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండాలి, సబ్బు తగలకూడదు. మున్సిపల్ నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలన్నది భారత ప్రమాణం. మనల్ని కాపాడే ఆ క్లోరినే చేప మొప్పలను కాలుస్తుంది. అందుకే కొత్త నీళ్లను ఎయిర్ పంపు పెట్టి ఒకరోజు ఉంచాలి, లేదా యాంటీ క్లోరిన్ కలపాలి. ఒక వారం కుళాయి, మరో వారం ట్యాంకరు బోరు నీళ్లు పోయాల్సి వస్తే తక్కువ తక్కువగా, మెల్లగా పోయాలి. వద్దనుకున్న చేపల్ని పెన్నలోనో చెరువులోనో వదలడం స్థానిక చేపలకు చేటు. తొట్టి అమ్మే ప్రతి దుకాణమూ చేపల కవరుతో పాటు ఈ జాగ్రత్తలు రాసిన కాగితం ఇవ్వాలి, కొనేవాళ్లూ అడిగి తీసుకోవాలి.