ఆట క్రీడ అయ్యేది ఎప్పుడు?

తెలుగులో ఆట అనే మాట మహా ఉదారమైనది. పిల్లల దాగుడుమూతలూ ఆటే, వీధి భాగవతుల ప్రదర్శనమూ ఆటే, సినిమాహాలులో సాయంకాలం వేసేదీ మొదటి ఆటే. క్రీడ అనే మాట మాత్రం ఇటీవలి కాలంలో కొంచెం బిగుసుకొని కూర్చున్నది. వెనుకటి కావ్యాలలో జలక్రీడలూ, కందుక క్రీడలూ యథేచ్ఛగా సాగినవి. ఇప్పుడు క్రీడ అనగానే మైదానమూ, పతకమూ, ప్రభుత్వ ఉత్తరువూ కళ్ళకు కట్టుతున్నవి. ఆటకు ఎవరి అనుమతీ అక్కరలేదు. క్రీడకు కావాలి. ఆ అనుమతి ఏ కొలబద్దను బట్టి వస్తున్నదన్నదే ఈ మాసపు ముచ్చట.

ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. ప్రాంగణపు అంచున ప్రేమ్ బజార్ అనే పేట ఉన్నది. హిజ్లీ నిర్బంధ శిబిరపు భవనంలో 1951లో ఆ విద్యాసంస్థ పుట్టింది. దానికంటె ముందే, బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండి, ఆ ఊళ్ళో రైలు కార్ఖానా ఉన్నది. దానిని నమ్ముకొని ఉత్తరాంధ్ర జిల్లాలనుండి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఉన్నవి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ముఖ్య కారణం ఈ ఊరి తెలుగువారే. కనుక ప్రేమ్ బజార్ టీకొట్టు బల్లమీద ఒక విద్యార్థీ, ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగీ తెలుగులో వాదులాడుకోవడం వింత కాదు. వాదం క్యారమ్ బల్ల గురించి. "చెమట పట్టనిది క్రీడేమిటి, నాయనా?" అన్నారు పెద్దాయన. "మరి మీ రైల్వేలో చదరంగం ఆడేవారికి ఉద్యోగాలిచ్చారు కదండీ?" అన్నాడు కుర్రవాడు. పెద్దాయన టీ ఒక గుక్క తాగి, "పట్టికలో ఉంది గనుక ఇచ్చారు" అన్నారు.

ఆయన హాస్యానికి అన్నారో, నిజానికి అన్నారో గాని, విషయమంతా ఆ మాటలోనే ఉన్నది. రైల్వే ఊళ్ళో ఇది పండితుల కాలక్షేపపు ప్రశ్న కాదు, కూటి ప్రశ్న. 2001లో రాంచీనుండి వచ్చిన ఒక యువకుడు క్రీడాకారుల కోటాలో ఖరగ్‌పూర్‌లో టిక్కెట్టు కలెక్టరుగా చేరి, కొన్నేళ్ళు పనిచేశాడు. మహేంద్ర సింగ్ ధోనీ పేరు ఆ తరువాత అందరికీ తెలిసినదే. అతని ఆట పట్టికలో ఉన్నది. కేంద్రప్రభుత్వ ఉద్యోగాలలో క్రీడాకారుల నియామకానికి అర్హమైన క్రీడల పట్టికలో 2020 వరకు 43 పేర్లుండేవి. ఆ ఏడు సెప్టెంబరులో 20 చేర్చి 63 చేశారు. క్యారమ్, చదరంగం, బ్రిడ్జి పాత పట్టికలోనే ఉన్నవి. తాళ్ళు లాగే పందెం, మల్లఖంభం కొత్తగా చేరినవి. తాడు లాగుట 1900 నుండి 1920 వరకు ఒలింపిక్ క్రీడ అన్న సంగతి జ్ఞాపకం చేసుకుంటే చిత్రంగా తోస్తుంది. పట్టిక మారిన నాటికి ముందురోజున కూడ ఆ బలశాలి చేతులలో అంత బలమూ ఉన్నది. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకొనే అర్హత మాత్రం లేదు.

చెమటే కొలబద్ద అన్న వాదాన్ని విదేశాలలో న్యాయస్థానాలే విచారించినవి. ఇంగ్లండులోని బ్రిడ్జి సంఘం తమ పోటీల ప్రవేశ రుసుముపై పన్ను మినహాయింపు కోరగా, శరీరశ్రమ లెక్కకు రానంత స్వల్పమైనది గనుక ఇది క్రీడ కాదని 2017లో ఐరోపా న్యాయస్థానం తీర్పు చెప్పింది. మరుసటి సంవత్సరమే జకార్తా ఆసియా క్రీడలలో బ్రిడ్జికి స్వర్ణపతకాలు పెట్టారు. పురుషుల జంటల పతకం గెలిచినవారు ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ అనే వంగీయులు. ప్రణబ్ బాబుకు అప్పటికి అరవై ఏళ్ళు. ఒకే పేకముక్క లండనులో కాలక్షేపం, జకార్తాలో బంగారం! తప్పు ఎవరిదీ కాదు. పన్ను వసూలు చేసేవాడు అడిగే ప్రశ్న వేరు, పతకం ఇచ్చేవాడు అడిగే ప్రశ్న వేరు.

అయినా చెమట కొలబద్ద నిలిచేది కాదు. తుపాకీ గురిచూసేవాడు ఊపిరి కూడ బిగబట్టి నిశ్చలంగా ఉంటాడు. వానిది క్రీడ కాదని ఎవరూ అనలేదు. మరొకవైపు చూడండి. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడుగు 1072 మీటర్లు దాటుతుంది. ప్రపంచంలో అన్నిటికన్న పొడవైనదని చాలాకాలం చెప్పుకొన్నారు. నెత్తిన రెండు పెట్టెలతో ఆ చివరినుండి ఈ చివరికి నడిచే కూలీకి పట్టినంత చెమట ఎందరు ఆటగాళ్ళకు పడుతుంది? అది క్రీడ కాదు. ఎందుకు కాదో బెర్నార్డ్ సూట్స్ అనే తత్త్వవేత్త 1978లో వెలువరించిన పుస్తకంలో చక్కగా తేల్చాడు. ఆయన వాదసారం ఇది: అవసరం లేని అడ్డంకిని కోరి నెత్తిన పెట్టుకొని, దానిని దాటడానికి పూనుకోవడమే ఆట. కూలీకి దగ్గరిదారి దొరికితే అదే మేలు. పరుగుపందెపువాడు 400 మీటర్లు చుట్టి, బయలుదేరిన చోటికే తిరిగి వస్తాడు.

ఈ సూత్రానికి మన చెడుగుడును మించిన ఉదాహరణ లేదు. అవతలివాడిని తాకిరావడమే పని అయితే నోరు మూసుకొని వెళ్ళవచ్చును. కాని కూత ఆపరాదు, ఊపిరి తీయరాదు అన్న నియమం పెట్టుకొన్నారు. ఆ నియమం తీసివేస్తే మిగిలేది తోపులాట.

ఇక అదృష్టం సంగతి. సికిందరాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవారిపై పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. పడిన ముక్కలను గుర్తుంచుకొని, ఏది పట్టాలో ఏది వదలాలో తేల్చుకోవడానికి నైపుణ్యం కావాలనీ, మూడుముక్కలాటవలె ఇది కేవలం అదృష్టం కాదనీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, సత్యనారాయణ వ్యాజ్యంలో న్యాయమూర్తులు తేల్చారు. 1968 నాటి తీర్పుల సంపుటాలలో అచ్చయిన ఆ తీర్పును అర్ధశతాబ్దం పాటు దేశమంతటా ఉదాహరించారు. ఆ తీర్పును అడ్డుపెట్టుకొనే ఫోను తెరలమీద డబ్బు రమ్మీ వ్యాపారం పెరిగింది. తెలంగాణం 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో దానిని నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న విచికిత్సనే ప్రక్కకు నెట్టి, డబ్బు పణంగా ఒడ్డే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. అదే చట్టం ఇ-స్పోర్ట్స్‌కు గుర్తింపు ఇచ్చింది. తెర ఒకటే, వ్రేళ్ళు ఒకటే. పణం ఒడ్డినది జూదమైనది, ఒడ్డనిది క్రీడ అయినది. నాకు ఇది సబబుగానే తోస్తున్నది. నైపుణ్యం ఉన్నంత మాత్రాన క్రీడ అయ్యేటట్లయితే, జేబులు కత్తిరించేవానికి కూడ అర్జున పురస్కారం ఇవ్వవలసి వస్తుంది.

కోడిపందేలవారు కూడ తమది క్రీడే అంటారు. ప్రాణంలేని వాటితో ఆడితే ద్యూతమనీ, ప్రాణులతో ఆడితే సమాహ్వయమనీ మనుస్మృతి వేరుచేసి, రెండింటినీ రాజు అణచవలెనన్నది. శాస్త్రం మాట అటుంచినా, నియమాన్ని కోరి అంగీకరించినవాడే ఆటగాడైనప్పుడు, కత్తి కట్టించుకొన్న కోడిని ఎవరూ అడగలేదు కదా!

నైపుణ్యమూ, కోరి పెట్టుకొన్న నియమమూ, ఎదుట ఒక ప్రత్యర్థీ ఉన్న ఆటలు పల్లెల్లో ఇంకా ఎన్నో ఉన్నవి. వాటిలో కొన్ని పైకి వచ్చి కొన్ని అరుగుల దగ్గరే నిలిచిపోవడానికి కారణం ఆటలో లేదు. దానిని పట్టుకొని తిరిగేవారు ఉండడంలో ఉన్నది. బాల్ బ్యాడ్మింటన్‌కు వరంగల్లు జె. పిచ్చయ్యగారి వంటి వారు దొరికారు. 1970 సంవత్సరపు అర్జున పురస్కారం అందుకొని, ఆ ఆటకు దేశంలో ఒక గౌరవం సంపాదించిన ఆయన నూరేళ్ళు పైబడి జీవించి 2021లో కన్నుమూశారు. మనం చెడుగుడు అన్నదానిని వంగదేశంలో హాడుడు అంటారు, మహారాష్ట్రలో హుతుతు అనేవారు. ఒక్కొక్కచోట ఒక్కొక్క పద్ధతి. పెద్దలు కూర్చొని గీతలు ఇంత దూరమని, ఆటగాళ్ళు ఏడుగురని నిర్ణయించి, 1950లో అఖిలభారత సమాఖ్య స్థాపించారు. 1990లో బీజింగు ఆసియా క్రీడలలో కబడ్డీకి పతకం పెట్టారు, భారతదేశం గెలిచింది. ఇందులో నష్టమూ ఉన్నది. చచ్చినవాడు తిరిగి లేవని ఒక పద్ధతి, తొమ్మండుగురు ఆడే మరొక పద్ధతి మూలపడినవి. ఇప్పుడు మట్టి పోయి చాప వచ్చింది, పాదాలకు జోళ్ళు వచ్చినవి. కూతకు వెళ్ళినవాడి ఊపిరికి తోడు ముప్పది సెకన్ల గడియారం కూడ కాపలా కాస్తున్నది.

గూటీబిళ్ళకు ఆ యోగం ఇంకా పట్టలేదు. మనవారు బిళ్ళంగోడు అంటారు, వంగీయులు డాంగులి అంటారు. కర్ర ఎంత పొడుగుండాలి, బిళ్ళకు రెండు కొసలా చెక్కాలా, దూరాన్ని కర్రతో కొలవాలా అడుగులతోనా అన్నది వీధి వీధికీ మారుతుంది. దానికొక సమాఖ్య కావాలనుకొనేవారు ముందుగా ఏ వీధి కర్రను ప్రమాణంగా తీసుకోవాలో తేల్చుకోవాలి. మిగిలిన వీధులవారు ఒప్పుకోవాలి.