పీడీఎఫ్ ఉందా అక్కా?

మా కొడిమ్యాల ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఫలానా పుస్తకం బాగుందని ఎవరన్నా పెడితే చాలు, కింద వచ్చే మొదటి మాట "పీడీఎఫ్ ఉందా అక్కా?" అడిగేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. కూరగాయలామె చిల్లర ఎక్కువిస్తే వెనక్కి పిలిచి ఇచ్చే మనుషులే. ఫైలు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది ఒకరి కష్టమని తోచదు.

ఎవరో ఒక కాపీ కొంటారు. ఫోనుతో పేజీ పేజీ స్కాన్ చేసి టెలిగ్రాం ఛానల్లో పెడతారు. కొన్నిచోట్ల లింకు నొక్కితే నాలుగు ప్రకటనలు దాటాకే ఫైలు దిగుతుంది. ఆ ప్రకటనల డబ్బు ఛానల్ వాళ్లకు పోతుంది. అంటే "ఫ్రీ" అన్నచోట కూడా ఎవరో సంపాదిస్తున్నారు, రాసినామె తప్ప.

మా వదినె అడిగింది: "నీ పుస్తకం నాకిస్తే తప్పు లేదు, ఫైలు ఇస్తే ఎట్ల తప్పు?" మంచి ప్రశ్నే. చీర అరువిస్తే నా బీరువాలో ఆ చీర ఉండదు వదినే, నువ్వు తిరిగిచ్చేదాకా నేను ఆగాలె. ఫైలు అట్ల కాదు. నా దగ్గర ఉంటూనే ఐదువందల ఇండ్లకు పోతుంది. తెలుగులో చాలా పుస్తకాలు అచ్చేసేదే ఐదువందలో వెయ్యో, అదీ చాలాసార్లు రచయిత సొంత డబ్బుతో. అమ్ముడుపోని కట్టలు మంచం కింద ఉంటే రెండో పుస్తకం ఎవరు వేస్తారు?

మన జగిత్యాల కవి అలిశెట్టి ప్రభాకర్‌నే చూడండి. ఫొటో స్టూడియో నడుపుకుంటూ రాసి, క్షయతో 1993లో పోయారు. ఆయన కవితలు రోజూ వాట్సాప్‌లో తిరుగుతాయి, ఒక్కోసారి పేరు కూడా లేకుండా. మన చట్టం ప్రకారం రచయిత పోయాక అరవై ఏండ్లు హక్కు ఉంటుంది, అంటే 2053 చివరిదాకా.

పోటీ పరీక్షల పుస్తకాల గొడవ ఇంకా పెద్దది. నీతూ సింగ్ అనే టీచరమ్మ తన పుస్తకాలు, పాఠాలు టెలిగ్రాంలో పంచుతున్నారని ఢిల్లీ హైకోర్టుకు పోతే, ఆ ఛానళ్లు నడిపేవాళ్ల వివరాలు ఇయ్యమని 2022 ఆగస్టులో కోర్టు టెలిగ్రాంను ఆదేశించింది. 1957 కాపీరైట్ చట్టంలో జైలు కూడా ఉంది, ఆరు నెలల నుంచి మూడేండ్లదాకా. మా నాచుపల్లి ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలకు ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండు.

అట్లని పీడీఎఫ్ అంటేనే పాపం అనను. సురవరం ప్రతాపరెడ్డి 1953లో పోయారు, ఆయన రచనలకు గడువు తీరింది, హాయిగా దింపుకోండి. పిల్లల కథలకు ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ ఉంది, తెలుగులో కూడా ఉచితం, వాళ్లే ఇస్తున్నారు. ఇక అచ్చులో లేని పుస్తకాలంటారా, కొందామన్నా దొరకనప్పుడు చదివేవాళ్లను తిట్టడానికి నాకు నోరు రాదు. అది ప్రచురణకర్తలు ఆలోచించాల్సింది. 2010లో వచ్చిన కినిగె తెలుగు ఈబుక్కులను అద్దెకు కూడా ఇచ్చింది. తక్కువ డబ్బుకు, దొంగతనం లేకుండా చదువుకునే దారి అది. అట్లాంటివి ఇంకా రావాలె.

నేనైతే గ్రూపులో పీడీఎఫ్ అడిగినవాళ్లకు ప్రచురణకర్త ఫోన్ నంబరు పెడుతున్నా. నలుగురం కలిసి ఒకే పార్సిల్ తెప్పించుకుంటే పోస్టు ఖర్చు కూడా తలా కొంత పడుతుంది. వచ్చే వారం ఇంకొకటి తెప్పిస్తున్నాం, కావాల్సినవాళ్లు చెప్పండి.