ఇంటింటి మాట: పనస తొన ఎవరికి, ఎన్ని?

వైశాఖం వచ్చేసరికి పురసవాక్కం హైరోడ్డు మీద మామిడిపండ్ల బుట్టల నడుమ మరొక వాసన బయలుదేరుతుంది. పండు కంటికి కనబడక ముందే ముక్కుకు తెలిసిపోతుంది. పనసపండుకు ప్రకటన అవసరం లేదు. ఇంట్లో ఒక మూల దాచిపెట్టినా, మేడమీది వాళ్లు దిగివచ్చి, "పండు కోశారా?" అని అడగక మానరు.

ఈ నెల మా శీర్షికకు ఈ పండునే తీసుకొన్నాము. ఋతువు గదా అన్నది ఒక కారణం. రెండవ కారణం, ఈ రోజుల్లో తెలుగిళ్లలో పండు కోయగానే వినబడే ప్రశ్న. "నాన్నగారికి షుగరు, ఒక్క తొన పెట్టవచ్చునా?" అని కోడలు. "ఒక్కటి తింటే ఏమవుతుందే?" అని మామగారు. ఈ తగవు తీర్చకుండా పనస రుచిని గూర్చి ఎంత వ్రాసినా ప్రయోజనం లేదు.

ముందు పండు సంగతి. చెన్నపట్నానికి వచ్చే పనసలో పేరుమోసినది కడలూరు జిల్లా పన్రుట్టి పండు. 1996 నుంచి లారీలు కోయంబేడులో దిగుతున్నాయి. అంతకు ముందు ఈ బేరమంతా కొత్తవాల్ చావడిలో. ఆ చావడి స్థలం మన కన్యకాపరమేశ్వరీ దేవస్థానానిదే అన్న సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. పట్నం నోటికి కూరా పండూ అందించిన బజారు తెలుగువారి దేవస్థానపు నేల మీద నడిచిందన్న మాట.

చెట్టున కాచే పండ్లలో ఇంత పెద్దది మరొకటి లేదు. ముప్ఫయి కిలోలు దాటినవి కూడా ఉంటాయి. ఆ బరువు కొమ్మ ఆపలేదు కాబట్టే కాబోలు, కాయ బోదెకే కాస్తుంది. పుట్టినిల్లు పడమటి కనుమలు. మేడి, రావి, మల్బరీ దీనికి దాయాదులు. మనం ఒక పండు అనుకొనేది నిజానికి ఒక పెద్ద కుటుంబం. ఒక్కొక్క తొన ఒక్కొక్క పువ్వు నుంచి వచ్చినది. తొనల మధ్య మనం తీసి పారవేసే పీచు, కాయ కట్టని పువ్వులు. కేరళవారు 2018 లో దీనిని తమ రాష్ట్రఫలంగా ప్రకటించుకొన్నారు.

కొనేటప్పుడు ముండ్లు చూడండి. దగ్గర దగ్గరగా, వాడిగా ఉంటే ఇంకా కాయ. ఎడంగా, మొద్దుబారి ఉంటే పండు. వేలితో తడితే పచ్చికాయ గట్టిగా పలుకుతుంది, పండు డొల్లగా పలుకుతుంది. కోసేముందు కత్తికీ చేతులకూ నూనె రాసుకోవడం మరువరాదు. ఆ జిగురు నీళ్లకూ సబ్బుకూ లొంగదు, నూనెకే లొంగుతుంది. క్రింద పాత కాగితాలు పరచుకోండి. మిగిలిన తొనలు మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టండి. లేకపోతే మరునాడు ఫ్రిజ్జులో పాలూ పెరుగూ అన్నీ పనసే.

ఇక గుణాల మాట. నూరు గ్రాముల పండు తొనలో, అంటే గింజ తీసిన తొనలు సుమారు నాలుగైదింటిలో, 95 కాలరీలు, 23 గ్రాముల పిండిపదార్థం, 14 మిల్లీగ్రాముల దాకా సి విటమిను, 448 మిల్లీగ్రాముల పొటాషియం ఉన్నవి. ఆడి అలసి వచ్చిన పిల్లలకు ఇది మంచి తిండి. ఆరోగ్యంగా ఉన్నవారికి పొటాషియం రక్తపుపోటును అదుపులో ఉంచడానికి తోడ్పడుతుంది. కాని ఆ పిండిపదార్థంలో చాలా భాగం చక్కెరే. మధుమేహం ఉన్నవారికి పండు మందు కాదు సుమా! చక్కెర అదుపులో ఉండి, వైద్యుడు సరేనంటే, రెండు తొనలు లెక్కపెట్టి తినవచ్చును. అదీ భోజనం మీద అదనంగా కాదు, ఆ పూట అన్నం కొంత తగ్గించుకొని. మామగారికి మా తీర్పు ఇదే. ఒకటికి అడ్డు చెప్పవద్దు, గిన్నె చేతికి ఇవ్వవద్దు.

పచ్చికాయ సంగతి వేరు. కాయలో చక్కెర ఇంకా తయారు కాదు. దీనిమీద మన శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాలలోనే ఒక పరిశోధన జరిగి 2021 లో ప్రచురితమైనది. మధుమేహం ఉన్న 40 మందిని తీసుకొని, కొందరికి రోజుకు 30 గ్రాముల పచ్చి పనస పిండిని బియ్యం, గోధుమ పిండికి బదులుగా 12 వారాలు ఇచ్చారు. మిగిలినవారికి మామూలు పిండి. పనస పిండి తిన్నవారిలో రక్తపు చక్కెర తగ్గినది. మంచి వార్తే. అయితే పరీక్షించినది 40 మందినే. ఆ పిండి అమ్మే సంస్థవారు కూడా పరిశోధనలో పాలుపంచుకొన్నారు. వారు తిన్నది బదులుగా, అదనంగా కాదు. కాబట్టి డబ్బా కొని తెచ్చి మాత్రలు మానివేసే సాహసం ఎవరూ చేయరాదు.

ఆ శ్రీకాకుళం జిల్లాలోనే ఉద్దానం ఉన్నది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతాలు. కొబ్బరీ, జీడీ, పనసా కలిసి పెరిగే పచ్చని సీమ. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపాను ఆ తోటలను నేలమట్టం చేసినది. ఏళ్ల తరబడి కాపు కాసిన పనసచెట్లు ఒక్క రాత్రిలో కూలిపోయినవి. దానికంటె పెద్ద దుఃఖం మరొకటి ఆ సీమలో చిరకాలంగా ఉన్నది. ఎంతోమంది రైతులూ కూలీలూ మూత్రపిండాల జబ్బుతో బాధపడుతున్నారు. కారణం శాస్త్రజ్ఞులకు ఇంకా పూర్తిగా తేలలేదు. 2023 లో పలాసలో ఇందుకోసమే ఒక ఆసుపత్రి తెరిచారు.

ఇది ఇక్కడ ఎందుకంటారా? మూత్రపిండాలు దెబ్బతిన్నవారి ఒంట్లో పొటాషియం బయటికి పోదు. రక్తంలో పేరుకొని గుండె లయను చెడగొడుతుంది, ప్రాణం మీదికి తెస్తుంది. పనసలో ఉన్నది అరటిపండులోకంటె ఎక్కువ. చెట్టు పెంచిన రైతు తన చెట్టు పండును తాను తినలేని స్థితి! పచ్చికాయ కూడా పొటాషియం లేనిది కాదు. మన ఇళ్లలోనూ షుగరు ముదిరి డయాలిసిస్‌కు వెళుతున్నవారు ఉన్నారు. అట్టివారికి ప్రేమకొద్దీ "ఒక్క తొనే గదా" అని పెట్టకండి. అది మొహమాటపడవలసిన చోటు కాదు. ముందు వైద్యుణ్ణి అడగండి.

తిండి వద్దన్నవారి గోడు విన్నాము గనుక, వంటింటి మాట కూడా కొంచెం చెప్పుకొందాము. గోదావరి జిల్లాలలో బజారులోనే కాయను కత్తితో సన్నగా కొట్టి పొట్టు ఇస్తారు. ఇక్కడ మనమే కొట్టుకోవాలి. పొట్టును ఉప్పు, పసుపు వేసి ఉడికించి, వార్చి, గట్టిగా పిండాలి. శనగపప్పు, మినపప్పు, ఆవాలు, ఎండుమిరప, జీడిపప్పు, కరివేపాకు పోపులో వేయించి, చింతపండు గుజ్జు పోసి, పొట్టు కలిపి మగ్గనివ్వాలి. దింపి చల్లారిన తరువాతనే నూరిన ఆవపిండి కలపాలి. వేడిమీద కలిపితే చేదెక్కుతుంది. "పనసకాయ దొరికినప్పుడే తద్దినం పెట్టమన్నాడట" అన్న సామెత ఊరికే పుట్టలేదు. ఆ కూర అంత మర్యాద గలది. గింజలు పారవేయకండి. ఉడికించి పైపొర ఒలిచి పులుసులో వేస్తే కమ్మగా ఉంటాయి. పచ్చిగింజలు మాత్రం తినరాదు, అరగవు.

ఒక చిన్న మాట. 1953 లో ఆంధ్రరాష్ట్రం వేరుపడిన తరువాత కూడా ఇక్కడే నిలిచిపోయిన కుటుంబాలు మనవి. మన పిల్లలు పండును పలాపళం అనీ, తొనను చుళై అనీ అంటున్నారు. తప్పు లేదు, అది ఈ ఊరి మాట. దానితోబాటు తొన, పొట్టు, పీచు అన్న మాటలు కూడా వారి నోట నిలవాలంటే నిఘంటువు చాలదు. ఏడాదికి ఒక్కసారైనా ఇంట్లో పండు కోయాలి, పిల్లల చేతులకు నూనె రాసి తొనలు ఒలిపించాలి.

నలుగురున్న ఇంటికి పది కిలోల పండు ఎందుకంటారా? నాలుగిళ్లవారు కలిసి కొనండి. పంచేటప్పుడు ఎవరింట ఎవరికి షుగరు, ఎవరు డయాలిసిస్‌కు వెళుతున్నారు అన్నది గుర్తుంచుకొని పంచండి. ఆ ఇంటికి తొనలకు బదులు, వారు తినదగినదేదో అడిగి మరీ పంపండి.