నచికేతుడు వద్దన్నది

పారిస్ విహారానికి వెళ్లే దంపతులు కొందరు, అక్కడి ‘మూలాన్ రూజ్’ ప్రదర్శన చూడవచ్చునా అని అడుగుతున్నారు. 1889లో మోమార్త్ర్ కొండ దిగువన ప్రారంభమైన ఆ నృత్యశాల అర్ధనగ్న నర్తనాలకు ప్రసిద్ధి. నృత్యం దోషం కాదు; మన ఆలయాలలో అది స్వామికి ఉపచారం. నర్తకులను నిందించుటా తగదు. అది వారి జీవిక. విచారించవలసినది మన చూపును.

కఠోపనిషత్తులో యమధర్మరాజు అప్సరసలను, వాద్యాలను ఇవ్వజూపాడు. నచికేతుడు వారిని దూషించలేదు. ఆ భోగాలు ఇంద్రియాల తేజస్సును హరిస్తాయని చెప్పి, నృత్యగీతాలు నీకే ఉండనిమ్మన్నాడు. తాను వచ్చిన పని మరువలేదు.

పరాయి ఊరిలో ఎవరు చూస్తారనుకోరాదు. అంతర్యామికి పరాయి ఊరేది? అదే కొండపై సాక్రే కర్ చర్చిలో 1885 నుంచి అహోరాత్రాలు ప్రార్థన సాగుతున్నది. ఉన్నది ఒక్క సాయంత్రమే అయితే, కొండ ఎక్కుటయే శ్రేయస్కరం.