కాన్పుకు నగదు... ఏం మార్చింది?

వికారాబాద్‌ జిల్లా దోమ మండలంలో కూలి చేసుకునే ఇంటి గర్భిణి పరీక్షకు వెళ్తే ఆ రోజు ఆమె కూలి పోతుంది. తోడు వెళ్లినవారిదీ పోతుంది. కాన్పు కష్టమైతే పరిగి, తాండూరు, వికారాబాద్‌ దారి పట్టాలి. ఈ నష్టాన్ని కొంతైనా పూడ్చి, తల్లులను ఆసుపత్రికి రప్పించాలన్నదే నగదు పథకాల ఉద్దేశం.

రూ.700తో మొదలు

కేంద్రం 2005లో జననీ సురక్షా యోజన తెచ్చింది. మన ప్రాంతంలో అర్హులైన పల్లె తల్లులకు రూ.700 ఇచ్చేవారు. 2017 జూన్‌లో తెలంగాణ కేసీఆర్‌ కిట్‌ ప్రారంభించింది. సర్కారు దవాఖానలో కాన్పయితే మగబిడ్డకు రూ.12 వేలు, ఆడబిడ్డకు రూ.13 వేలు. ఇది రెండు కాన్పుల వరకే. డబ్బంతా ఒకేసారి ఇవ్వకుండా గర్భిణి పరీక్షలు, కాన్పు, మూడున్నర నెలల టీకాలు, తొమ్మిది నెలల టీకాలకు ముడిపెట్టారు. పథకంలో అసలు బలం ఇదే. కాన్పుతో పని అయిపోకుండా బిడ్డకు టీకాలు పూర్తయ్యేదాకా తల్లి దవాఖానకు వస్తుంది.

మారింది ఎక్కడ?

పథకానికి ముందే రాష్ట్రంలో ఇంటి కాన్పులు తక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2015-16లోనే 91.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లో జరిగాయి. తర్వాతి సర్వే నాటికి అది 97 శాతమైంది. పెద్ద మార్పు వేరే చోట ఉంది. సర్కారు దవాఖానల వాటా 30.5 నుంచి 49.7 శాతానికి పెరిగింది. అంటే చాలా కుటుంబాలు ప్రైవేటు బిల్లు నుంచి బయటపడ్డాయి. ఇందులో నగదుతో పాటు 102 వాహనాల పాత్రా ఉంది.

తగ్గని కోతలు

సిజేరియన్లు మాత్రం తగ్గలేదు. ఆ తర్వాతి సర్వేలో మొత్తం కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే. ప్రైవేటులో 81.5 శాతం, సర్కారులో 44.5 శాతం. జనాభా మొత్తంలో సిజేరియన్లు 10 శాతం దాటితే మరణాలు అదనంగా తగ్గిన దాఖలా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాన్పు ఎక్కడ జరగాలో నగదు మార్చగలిగింది కానీ, ఎలా జరగాలో మార్చలేకపోయింది.

కిట్‌ పేరు ఇప్పుడు ఎంసీహెచ్‌ కిట్‌గా మారింది. డబ్బు సమయానికి అందడం లేదన్న ఫిర్యాదులు మాత్రం మారలేదు. నెల తప్పిన రోజుల్లో అందాల్సిన సొమ్ము బిడ్డ నడిచే వేళకు వస్తే, పోయిన కూలికి అది బదులు కాదు.

ఇంట్లో మన వంతు

* నగదు వచ్చినా రాకపోయినా కనీసం నాలుగు పరీక్షలు తప్పనిసరిగా చేయించండి.
* ఆపరేషన్‌ అంటే కారణం అడిగి తెలుసుకోండి. అవసరమైతే మాత్రం ఆలస్యం చేయొద్దు.
* ముహూర్తం కోసం కోత కోరవద్దు.
* రక్తస్రావం, ఫిట్స్‌, కడుపులో బిడ్డ కదలికలు తగ్గడం... వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.