నాన్నగారి మీద నింద వచ్చినప్పుడు



ఈ నెల పిల్లల చదువుల గురించి వ్రాయాలనుకున్నాము. కాని మాకు అందిన ఒక ఉత్తరం మమ్మల్ని వేరొక వైపు త్రిప్పింది. కుటుంబమంతా కూర్చుని బిగ్గరగా చదువుకొనే పత్రికలో ఇటువంటి సంగతి ఎందుకని కొందరు పెద్దలు నొచ్చుకోవచ్చు. బిగ్గరగా చదవలేము కాబట్టే ఇది ఇన్నాళ్ళూ మన ఇళ్ళలో దాగి ఉన్నదని మా అభిప్రాయం.

వ్రాసినది ముప్పై ఏళ్ళు దాటిన ఒక సహోదరి. ఊరూ వరుసలూ కొంత మార్చి చెబుతున్నాము. ఆమె తండ్రి రిటైరైన ఉపాధ్యాయుడు, సంఘ పెద్ద. గాలివానకు మందిరం రేకులు ఎగిరిపోతే తన సొంత డబ్బు పెట్టి మళ్ళీ వేయించిన మనిషి. పదవ తరగతి తప్పిన పిల్లలను తన అరుగు మీద కూర్చోబెట్టి గట్టెక్కించిన మనిషి. ఆయన తమ్ముని మనవరాలు తొమ్మిదవ తరగతి. వాళ్ళ ఊళ్ళో హైస్కూలు లేదు కాబట్టి వీరి ఇంట్లోనే ఉండి చదువుకొంటోంది. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళిన ఆ బిడ్డ తిరిగి రానంటే రానని మొండికేసింది. ఎంత అడిగినా కారణం చెప్పలేదని తల్లి కోపం పట్టలేక ఒక దెబ్బ కూడా వేసిందట. అప్పుడు చెప్పింది, తాతయ్య తనను ఏమి చేశాడో. తల్లి మరునాడే పోలీసు స్టేషనుకు వెళ్ళింది.

ఆ రోజుతో ఇల్లు రెండు ముక్కలైంది. పొలం పంపకాల దగ్గర నుండి ఉన్న పాత పగే ఇదంతా చేయిస్తోందని అన్నగారు అంటున్నారు. ఈ సహోదరి మాత్రం ఆ బిడ్డ మాట నమ్ముతోంది. ఇద్దరికీ మాటలు లేవు. తల్లి ఎవరి పక్షమూ మాట్లాడదు. భర్త బెయిలు మీద ఇంటికి వచ్చిన రాత్రి ఆయనకు అన్నం వడ్డించి, తాను తినకుండా పడుకున్నదట. ఉత్తరం చివర ఒక్కటే ప్రశ్న: "నాన్నగారంటే నాకు ప్రాణం. ఆ బిడ్డ చెప్పింది నిజమని నా మనస్సు చెబుతోంది. ఈ రెండూ ఒక్క మనిషిలో ఉండవచ్చా?"

జవాబు చెప్పే ముందు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళ క్రిందట ఇటువంటి సంగతే ఒక పాస్టరు గారి ఇంట్లో పంచాయితీకి వచ్చింది. బల్ల చుట్టూ కూర్చున్న అయిదుగురిలో మేమూ ఉన్నాము. ఆ అమ్మాయి బయట వరండాలో స్తంభానికి ఆనుకొని నిలబడి ఉన్నది. లోపలికి పిలిచి ఒక్క మాట అడగాలని మాలో ఎవరికీ తోచలేదు. సంఘం పరువు, ఆ కుటుంబం పరువు, పిల్ల పెళ్ళి, ఇవే మాట్లాడుకున్నాము. ప్రార్థన చేసి, టీ త్రాగి లేచాము. ఆ తరువాత ఆమె ఏ ఆదివారమూ మందిరానికి రాలేదు. ఆ సాయంత్రం మేము చేసినది సమాధానపరచడమని చాలా కాలం అనుకున్నాము.

సమూయేలు రెండవ గ్రంథము 13వ అధ్యాయము మన కుటుంబ ప్రార్థనల్లో ఎవరూ చదవరు. అక్కడ నేరం చేసినవాడు తండ్రి కాదు, అన్న. అయినా ఇల్లు ఎలా విరిగిందో చూడండి. అమ్నోను రోగినని పడుకున్నాడు. వండి పెట్టడానికి తామారును అతని ఇంటికి పంపించినది స్వయంగా దావీదే. ఆ తరువాత ఆమె తల మీద బూడిద పోసుకొని, చింపుకొన్న వస్త్రంతో ఏడుస్తూ వీధిన వెళ్ళింది. ఊరుకొమ్మని అబ్షాలోము చెప్పాడు. దావీదుకు చాలా కోపం వచ్చింది. అంతే, కోపం వచ్చింది. ఆయన ఏదైనా చేసినట్టు ఆ అధ్యాయంలో లేదు. పెద్ద కుమారుని మీది ప్రేమ చేత ఊరుకున్నాడని ప్రాచీన గ్రీకు అనువాదంలో ఒక మాట అదనంగా ఉన్నది. రెండేళ్ళు ఎవరూ నోరు విప్పలేదు. రెండేళ్ళ తరువాత గొర్రెల బొచ్చు కత్తిరించే పండుగలో అబ్షాలోము అమ్నోనును చంపించాడు. మూడేళ్ళు గెషూరులో తలదాచుకున్నాడు. తిరిగి వచ్చాక కూడా రెండేళ్ళు తండ్రి ముఖం చూడలేదు. ఇల్లు చెడగొట్టింది తామారు ఏడుపు కాదు. అబ్షాలోము తన కూతురికి తామారు అని పేరు పెట్టుకున్నాడు; 14వ అధ్యాయంలో ఉన్నది చూడండి.

మన సంఘాల్లో ఇటువంటప్పుడు రెండు మాటలు తప్పకుండా వినబడతాయి. పెద్ద మీద దోషారోపణకు ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉండాలని ఒకటి. అయితే ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము కూడా తీయండి. పొలంలో బలాత్కారానికి గురైన అమ్మాయి కేక వేసినా రక్షించేవాడు లేడని చెప్పి, సాక్షులను అడగకుండానే ఆమెను నిర్దోషిగా ఎంచుతుంది ధర్మశాస్త్రం. నాలుగు గోడల మధ్య ముగ్గురు సాక్షులను ఎక్కడ నుండి తెస్తాము? ఇక రెండవది, సహోదరుల సంగతి కోర్టుకు ఎక్కించరాదన్న మాట. పౌలు కొరింథీయులకు వ్రాసినది ఇచ్చిపుచ్చుకొనే తగవుల గురించి. బిడ్డ శరీరం తగవు కాదు.

చట్టం సంగతి కూడా పల్లెల్లో చాలామందికి సరిగా తెలియదు. పోక్సో అని పిలిచే చట్టం 2012 నవంబరు 14 నుండి అమలులో ఉన్నది. పద్దెనిమిదేళ్ళలోపు బిడ్డ మీద ఇటువంటి నేరం జరిగిందని తెలిసిన వారెవరైనా పోలీసులకు తెలియజేయవలసిందే. తెలిసీ దాచితే ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంఘ పెద్దలకు మినహాయింపు లేదు. బిడ్డ వాంగ్మూలం ఆమె ఇంటి దగ్గరే, యూనిఫారం లేకుండా, వీలైనంత వరకు స్త్రీ అధికారి వ్రాసుకోవాలి. రాత్రిపూట బిడ్డను స్టేషనులో ఉంచరాదు. 1098కి ఫోను చేసినా సహాయం అందుతుంది. రాజీ చేసుకున్నాము, కేసు కొట్టేయండి అంటే చెల్లుతుందా? రాజస్థాన్‌కు చెందిన ఒక ఉపాధ్యాయుని కేసులో తండ్రి రాజీపడ్డాడని హైకోర్టు కేసు కొట్టివేస్తే, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది.

"అంత మంచి మనిషి చేస్తాడా" అంటారు. 2007లో కేంద్ర ప్రభుత్వం మన రాష్ట్రంతో సహా 13 రాష్ట్రాల్లో జరిపించిన అధ్యయనంలో, ఈ అకృత్యాలు చేసినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారో, పిల్లలు నమ్మినవారో అని తేలింది. ఆ పెద్దమనిషి దోషియో కాదో మేము చెప్పలేము. అది న్యాయస్థానం తేల్చాలి. మందిరానికి రేకులు వేయించడం నిర్దోషి అనడానికి ఋజువు కాదు. పొలం తగాదా ఉండడం బిడ్డ అబద్ధం చెప్పిందనడానికి ఋజువు కాదు.

సహోదరీ, ఉండవచ్చు. ఆ రెండూ ఒక్క మనిషిలో ఉండవచ్చు. మీ నాన్నగారికి భోజనం పంపండి, మంచి వకీలును పెట్టుకోనివ్వండి, ఆయన కోసం ప్రార్థించండి. కాని ఆయన తరఫున ఆ బిడ్డ ఇంటికి కబురు మోయకండి, డబ్బు మోయకండి. విచారణ ముగిసేవరకు ఆయన సంఘ పెద్దగా ప్రక్కకు తప్పుకొంటే మంచిది. అది శిక్ష కాదని మీరే ఆయనకు చెప్పండి, కూతురి నోట వింటే మరోలా ఉంటుంది. ఆయన ఉన్న ఇంట్లో మీ పిల్లలను గాని, ఎవరి పిల్లలను గాని ఒంటరిగా వదలకండి. తల్లిదండ్రులను గూర్చిన ఆజ్ఞ ఇందుకు అడ్డు రాదు. మీ అన్నగారితో వాదం పెట్టుకోకండి. ఆయన భయపడుతున్నారు, తండ్రి పోతే తనకేమి మిగులుతుందని. మీ అమ్మగారి దగ్గరకు వెళ్ళినప్పుడు ప్రశ్నలు మోసుకొని వెళ్ళవద్దు. చేటలో బియ్యం ఏరుతుంటే ప్రక్కన కూర్చుని మీరూ ఏరండి. ఆమె నలభై ఏళ్ళ కాపురం ఒక్క మాటలో తేల్చి చెప్పమని అడగడం కష్టం.

ఉత్తరం వెనుక పుటలో మీరు ఒక చిన్న సంగతి వ్రాశారు. బిడ్డ పుస్తకాలూ పెట్టే ఇంకా మీ పుట్టింటి మూల గదిలోనే ఉన్నాయని, ఎవరూ ముట్టుకోవడం లేదని. పోలీసువారిని ఒక మాట అడిగి, వాటిని మీరే తీసుకొని వెళ్ళి ఆ బిడ్డ చేతికి ఇవ్వండి. పరీక్షలు దగ్గరపడ్డాయి.